ఆకాశంలో తెలియని వెలుగు కనబడితే ఎవరికి చెప్పాలి, వాళ్ళు ఏం చేస్తారు

నాయనా, నువ్వు అడిగింది ఇదీ. మే నెలలో ఒక సాయంత్రం చంద్రగిరిలో మీ అమ్మమ్మతో మిద్దె మీద కూర్చుని ఉన్నావు. పొద్దు గూకిన కాసేపటికి పైన తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. విమానం లైటులా మిణుకుమనలేదు, చప్పుడు లేదు. పావుగంట పైనే అలా ఉండి, మీరు చూస్తుండగానే మాయమైంది. మర్నాడు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి చెబితే ఏమీ రాసుకోకుండా పంపించేశారు. ఇలాంటివి మన దేశంలో ఎవరికి చెప్పాలి, చెబితే ఏం చేస్తారు, ప్రభుత్వాలు నిజంగానే దాచిపెడతాయా అని నీ ప్రశ్న.

నేను వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు రాడార్ పని చేసి రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నువ్వు మాత్రం చూసింది చూసినట్టు రాశావు, దానికి ఏమీ కలపలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో యూఎఫ్ఓల కోసం, అంటే ఆకాశంలో ఎగిరే, ఏంటో తెలియని వస్తువుల కోసం, విడిగా ఒక ఆఫీసు లేదు. మామూలు మనిషి ఆకాశంలో చూసినదాన్ని రాసుకోవడానికి ఒక ఫారం, ఒక నంబరు, ఒక గుమస్తా అంటూ లేరు. నిన్ను పంపించేసిన పోలీసాయనకు దాన్ని ఏ రిజిస్టర్‌లో ఎక్కించాలో తెలిసి ఉండదు. అయినా రెండు ముక్కలు రాసుకుని ఉండాల్సింది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

ఆఫీసు లేదు కదా అని ఆకాశాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదనుకోకు. రాత్రింబవళ్ళు చూస్తూనే ఉంటారు. అయితే వాళ్ళు వెతికేది వేరు. నీకు కావలసింది 'అదేంటి?' అన్నదానికి జవాబు. రాడార్ గదిలో కూర్చున్నవాడికి కావలసింది 'దానివల్ల ప్రమాదం ఉందా?' అన్నదానికి జవాబు. ప్రమాదం లేదని తేలగానే అక్కడితో ఆ పని అయిపోతుంది. అదేంటో తేలకపోయినా సరే, అయిపోతుంది. ఈ తేడా పట్టుకుంటే ప్రభుత్వాలు యూఎఫ్ఓల విషయంలో చేసినవన్నీ నీకు సులభంగా అర్థమవుతాయి.

మా పని ఎలా నడిచేదో చెబుతాను. మన గగనతలంలో ఎగిరే విమానానికి మామూలుగా ఒక ఫ్లైట్ ప్లాన్ ఉంటుంది, వైమానిక దళం ఇచ్చే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు ఉంటుంది. మాలో ఎవరూ ఆ నంబరును పూర్తిపేరుతో పిలిచేవాళ్ళం కాదు, ఏడీసీ అంటే చాలు. స్క్రీన్ మీద కొత్త చుక్క పడగానే దాన్ని ఈ జాబితాతో పోల్చాలి. కలిసిందా, సరే. కలవలేదా, విమానాల రాకపోకలు నడిపే ఏటీసీ వాళ్ళకు ఫోన్ చేసి అడగాలి. వాళ్ళకూ తెలియకపోతే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ మీద పిలుస్తారు. అప్పటికీ పలకకపోతే యుద్ధ విమానం లేస్తుంది. ఇదంతా కొన్ని నిమిషాల్లో అయిపోవాలి. చలికాలం రాత్రుళ్ళు నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉన్నప్పుడు రాడార్ కిరణం వంగి, ఎక్కడో దూరాన ఉన్న కొండనో భవనాన్నో పట్టుకొచ్చి స్క్రీన్ మీద చూపిస్తుంది. అది నిజంగానే ఎగురుతున్నట్టు అనిపిస్తుంది. అలాంటివి నేను ఎన్ని చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ టెన్షన్ పడ్డాను.

2023 నవంబరు 19న ఇంఫాల్‌లో జరిగింది సరిగ్గా ఇదే పద్ధతి. విమానాశ్రయం దగ్గర ఏదో ఎగురుతోందని కంటితో చూసినవాళ్ళు చెప్పారు. విమానాల రాకపోకలు ఆపేశారు, రావలసిన వాటిని వేరే ఊళ్ళకు మళ్ళించారు. వైమానిక దళం రఫేల్ యుద్ధ విమానాలను పంపి వెతికించింది. ఆ తర్వాత అది మళ్ళీ కనిపించలేదని తూర్పు కమాండ్ ఒక చిన్న ప్రకటన ఇచ్చింది. మూడు గంటల తర్వాత విమానాలు మళ్ళీ నడిచాయి. 'ఇంతకీ అదేంటో చెప్పలేదే' అని జనం అడిగారు. అధికారులకు కావలసింది విమానాశ్రయం మళ్ళీ తెరవవచ్చా లేదా అన్నది, దానికి జవాబు దొరికింది.

లడఖ్ సంగతి ఇంకా బాగా గుర్తుపెట్టుకోదగ్గది. 2012లో చైనా సరిహద్దు వెంబడి మన జవాన్లు రాత్రుళ్ళు వెలుగులు చూస్తున్నామని వందల రిపోర్టులు పంపారు. చైనా డ్రోన్లేమోనని సైన్యం భయపడింది, అది భయపడదగ్గ విషయమే. చివరికి లడఖ్‌లోని హాన్లేలో టెలిస్కోపు నడిపే భారత ఖగోళ భౌతిక సంస్థను సాయం అడిగారు. వాళ్ళు వెళ్ళి, ఆ వెలుగు ఏ వేళకు ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అవి గురువు, శుక్రుడు అని తేల్చారు. సముద్రమట్టానికి అంత ఎత్తున, పల్చటి గాలిలో, గ్రహాలు మనకు అలవాటైనదానికంటే చాలా ఎక్కువగా మెరుస్తాయి. ఆ జవాన్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళు చూసింది నిజం, రిపోర్టు ఇవ్వడం వాళ్ళ ధర్మం. ఆ సంస్థే మన కుప్పం సరిహద్దు దాటాక తమిళనాడు జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు టెలిస్కోపులనూ నడుపుతోంది. చిత్తూరు పిల్లలు చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక బయటి దేశాల సంగతి. అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 వరకు ప్రాజెక్ట్ బ్లూ బుక్ అని నడిపింది. 1947 నుంచి లెక్కిస్తే మొత్తం 12,618 రిపోర్టులు వచ్చాయి, అందులో 701 గుర్తించలేనివిగా మిగిలాయి. నూటికి ఐదారు అన్నమాట. ఈ 701ని చూపించి 'చూశారా, గ్రహాంతరవాసులు' అనేవాళ్ళు ఉన్నారు. బ్రిటన్ రక్షణ శాఖలోనూ ఒక డెస్క్ ఉండేది. యాభై ఏళ్ళలో ఒక్క రిపోర్టులో కూడా దేశానికి ముప్పు కనిపించలేదని 2009లో దాన్ని మూసేసి, ఫైళ్ళను జాతీయ ఆర్కైవ్స్ ద్వారా బయటపెట్టారు.

ఈ పనిని అందరికంటే బాగా చేసింది ఫ్రాన్స్ అని నా అభిప్రాయం. అక్కడ సైన్యానికి కాకుండా వాళ్ళ అంతరిక్ష సంస్థకే అప్పగించారు. 1977లో టూలూజ్ నగరంలో మొదలుపెట్టారు, ఇప్పుడు దాని పేరు జైపాన్. అక్కడ పల్లెలో ఎవరైనా వెలుగు చూశామంటే, అక్కడి జాందార్మ్, అంటే పల్లెల్లో పోలీసు పని చేసే దళం, వాంగ్మూలం రాసుకుని టూలూజ్‌కి పంపుతుంది. నీకు జరగాల్సింది అది. వచ్చిన ప్రతి కేసునూ నాలుగు రకాలుగా విడగొడతారు. ఏ అంటే ఏంటో కచ్చితంగా తెలిసింది. బీ అంటే దాదాపు తెలిసినట్టే. సీ అంటే సమాచారం చాలక ఏమీ చెప్పలేం. డీ అంటే సమాచారం బాగానే ఉంది, విచారణ కూడా చేశాం, అయినా అంతుపట్టలేదు. ఈ డీ రకం నూటికి మూడు నాలుగు మాత్రమే. ఫైళ్ళను 2007 నుంచి ఇంటర్నెట్‌లో పెట్టారు, ఎవరైనా చదవచ్చు.

సీ, డీలను వేరుచేయడం ఎంత గొప్ప ఆలోచనో చూడు. మామూలుగా మనం ఈ రెంటినీ కలిపి 'గుర్తించలేదు' అనేస్తాం. ఆ మాట వినగానే ఆ వస్తువులోనే ఏదో వింత ఉందనుకుంటాం. చాలాసార్లు ఆ మాట వస్తువు గురించి చెప్పేది కాదు, చూసినవాడు ఇచ్చిన రిపోర్టు గురించి చెప్పేది. ఇలాంటి రిపోర్టులు చూడటానికి అమెరికా రక్షణ శాఖలో 2022లో పెట్టిన 'ఆరో' (AARO) అనే ఆఫీసు 2024 నవంబరులో ఇచ్చిన నివేదిక చూడు. ఆ ఏడాది లెక్కలో 757 రిపోర్టులు. అందులో 444 సమాచారం చాలక పక్కన పెట్టారు. ఇంకా లోతుగా చూడాలి అనిపించినవి 21 మాత్రమే.

ఇది నా సొంత అనుభవం కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎడారిలో ఒక యూనిట్‌లో ఉన్నప్పుడు, డ్యూటీ దిగి నడుచుకుంటూ వస్తుంటే ఎర్రటి వెలుగు ఒకటి చూశాను. నెమ్మదిగా పక్కకు జరిగి ఆగింది, మళ్ళీ జరిగింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆఫీసరుకు చెప్పాను. ఆయన కాగితం తీసి మూడు ప్రశ్నలు అడిగారు. ఎన్ని గంటలకు? ఏ దిక్కున? నేల నుంచి ఎంత ఎత్తున? నేను గడియారం చూసుకోలేదు. దిక్కు 'అటువైపు' అని చేయి చూపించాను, గదిలో నిలబడి చూపిస్తే అది ఏ దిక్కో నాకే తెలియలేదు. ఎత్తు 'చాలా ఎత్తు' అన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రిజిస్టర్‌లో 'గుర్తించలేదు' అని రాసి సంతకం పెట్టారు. ఇన్నేళ్ళయినా ఆ వెలుగేంటో నాకు తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. ఆ దారి మూసేసింది ప్రభుత్వం కాదు, నేనే. చీకట్లో ఒంటరిగా ఉన్న వెలుగును తదేకంగా చూస్తే, అది కదలకపోయినా కదులుతున్నట్టు కంటికి అనిపిస్తుందని తర్వాత ఎప్పుడో నేర్చుకున్నాను. నేను చూసింది అదేనా? దిక్కు, సమయం రాసుకుని ఉంటే ఆ రాత్రి ఆకాశం పటంతో పోల్చి ఈరోజైనా చెప్పగలిగేవాణ్ణి.

దాచిపెడతారా అని అడిగావు కదా. దాస్తారు. ఏం దాస్తారన్నదే అసలు విషయం. 1947లో అమెరికాలో రాజ్‌వెల్ అనే ఊరి దగ్గర పడినవి ప్రాజెక్ట్ మొగల్ బెలూన్ శకలాలని అక్కడి వైమానిక దళం 1994లో చెప్పింది. సోవియట్ అణు పరీక్షల శబ్దాన్ని పైనుంచి పట్టుకోవడానికి రహస్యంగా ఎగరేసిన బెలూన్లవి. 1950ల చివర్లో, 60లలో వచ్చిన యూఎఫ్ఓ రిపోర్టుల్లో సగానికి పైగా తమ యూ-2 లాంటి గూఢచారి విమానాలవల్లేనని అమెరికా గూఢచార సంస్థ సీఐఏ చరిత్రకారుడు 1997లో రాశాడు. ఆ లెక్క మరీ ఎక్కువని అనేవాళ్ళూ ఉన్నారు. అప్పట్లో మాత్రం అడిగినవాళ్ళకు మంచు స్ఫటికాలనో వాతావరణమనో చెప్పి పంపించారు. జనానికి నమ్మకం పోయిందంటే ఆ తప్పు ఆ ప్రభుత్వాలదే. మా రంగంలో దాచేది ఇంకోటి ఉంది, మన రాడార్ ఎంత దూరం, ఎంత చిన్న వస్తువును చూడగలదో. ఒక చుక్కను ఎలా గుర్తించామో బయటికి చెబితే మన కన్ను ఎంతవరకు పారుతుందో శత్రువుకు చెప్పినట్టే. ఆ మౌనాన్ని నేను తప్పనను.

ఇప్పుడు మన ఆకాశానికి వద్దాం. తిరుపతి చుట్టుపక్కల పైకి పోయేవి ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్ళకే సరిగ్గా తెలియదు. తూర్పున శ్రీహరికోట. 2025 జనవరి 29న అక్కడి నుంచి నూరో ప్రయోగం జరిగింది, ఉదయం 6 గంటల 23 నిమిషాలకు. కింద ఇంకా మసకగా ఉంటుంది, పైన రాకెట్ పొగకు సూర్యుడి వెలుగు తగులుతుంది. తెలియనివాడు చూస్తే ఆకాశం చీలిందనుకుంటాడు. 2022 డిసెంబరు 15న అగ్ని-5 క్షిపణిని ఒడిశా తీరం నుంచి పరీక్షించినప్పుడు బెంగాల్ అంతా ఇలాగే కంగారుపడింది. ఇక ముత్యాల దండలా ఒకదాని వెనక ఒకటి పోయే వెలుగులైతే, అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు, ప్రయోగించిన కొత్తల్లో అలా కనబడతాయి.

పడమటి వైపు, చిత్తూరు రోడ్డులో పాకాల మండలంలో, గాదంకి ఉంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే. పై గాలిని పరిశీలించే పెద్ద ఎంఎస్‌టీ రాడార్‌తో పాటు అక్కడ లేజర్‌తో పనిచేసే లైడార్ కూడా ఉంది, రాత్రుళ్ళు ఆకుపచ్చ లేజర్ కిరణాన్ని నిట్టనిలువుగా పైకి పంపుతారు. దాన్ని చూసి భయపడి నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. అలాగే సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో వాతావరణ బెలూన్ వదలడం అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి.

ఆ బెలూన్ ఒకటి కొన్నేళ్ళ కిందట పాకాల దగ్గర ఒక మామిడి తోపులో పడింది. తోపు రైతు నాకు తెలిసినవాడు, పొద్దున్నే ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది, ఎవరూ దగ్గరికి పోవడం లేదు. కొమ్మకు పొడవాటి దారం చుట్టుకుని, కింద టిఫిన్ డబ్బా అంత తెల్లటి పెట్టె వేలాడుతోంది. దానికో సన్నటి లోహపు తీగ, ఒక నంబరు చీటీ. దారం పైకొసకు పీలికలైన తెల్లటి రబ్బరు. 'ముట్టుకుంటే ఏమన్నా అవతాదా అన్నా?' అని రైతు అడిగాడు. ఆయన పిల్లలు మా వెనకే నిలబడి ఉన్నారు. నేనూ ముట్టుకోలేదు, పోలీసులు వచ్చేదాకా ఆగాం. వచ్చిన ఎస్సై చక్కగా పనిచేశాడు. ఎప్పుడు, ఎవరు, ఏ చెట్టు మీద చూశారో రాసుకున్నాడు, నంబరు ఫొటో తీశాడు, గాదంకికి ఫోన్ చేయించాడు. అరగంటలో తేలిపోయింది. వేడి, తేమ కొలిచే పరికరం అది. బెలూన్ 30 కిలోమీటర్ల దాకా పోయి, ఉబ్బి పగిలి, పెట్టె కిందికి వస్తుంది.

ఇప్పుడు నీ చుక్క దగ్గరికి. ఐదున్నరకు వదిలిన బెలూన్ నిమిషానికి సుమారు 300 మీటర్లు ఎక్కుతుంది. ఆరు నలభై, ఆరు యాభైకి 20 కిలోమీటర్ల పైన ఉంటుంది. మేలో మనకు ఆరున్నర ప్రాంతంలో పొద్దు గూకినా, అంత ఎత్తున ఇంకో ఇరవై నిమిషాల దాకా ఎండ ఉంటుంది. కాబట్టి గాలి తేటగా ఉంటే, నల్లబడుతున్న ఆకాశంలో అది తెల్లటి చుక్కలా కనిపించవచ్చు. భూమి నీడ అందుకోగానే, లేదా బెలూన్ పగలగానే, మాయమవుతుంది. నీ వర్ణనకు ఇది బాగా సరిపోతోంది. శుక్రుడైతే అలా చూస్తుండగా మాయం కాడు, గంటకు 15 డిగ్రీల చొప్పున మెల్లగా పడమటి కొండల్లోకి దిగిపోతాడు, మబ్బు అడ్డం వస్తే తప్ప. కానీ దిక్కు తెలియకుండా నేను తీర్పు చెప్పను. చంద్రగిరికి గాదంకి నైరుతి వైపు. మీరు చూసింది తూర్పున అయితే నా లెక్క మొత్తం పక్కన పెట్టాల్సిందే.

తేల్చుకోవడానికి నీ చేతిలో ఒక సాధనం ఉంది, సమాచార హక్కు చట్టం. గాదంకి ప్రయోగశాల అంతరిక్ష విభాగం కింద ఉంది, దరఖాస్తు పెట్టవచ్చు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ 'ఆ రోజు ఆకాశంలో కనబడిందేంటి?' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే వాళ్ళ దగ్గర రికార్డులో ఉన్నదే ఇస్తారు, ఊహించి చెప్పరు. 'ఫలానా తేదీన బెలూన్ వదిలారా, ఎన్ని గంటలకు, ఎంత ఎత్తు దాకా వెళ్ళింది?' అని అడుగు. ప్రశ్న రికార్డుకు సరిపడేలా ఉండాలి. వైమానిక దళాన్ని రాడార్ రికార్డు అడిగితే మాత్రం భద్రత కారణంగా సెక్షన్ 8 కింద కాదంటారు.

ఇకముందు ఏదైనా కనబడితే ఎవరికి చెప్పాలన్నది కనబడినదాన్ని బట్టి ఉంటుంది. రేణిగుంట వైపు విమానాలు దిగే దారిలో ఏదైనా తక్కువ ఎత్తులో తిరుగుతుంటే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీ నంబరు 112కి చెప్పు, విమానాశ్రయానికి కూడా చెప్పు. తిరుమల కొండ మీద డ్రోన్ కనబడినా అంతే, అక్కడ డ్రోన్లు నిషేధం. ఏదైనా కింద పడితే దగ్గరికి పోవద్దు, ఎవరినీ పోనివ్వద్దు. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో మూడు మీటర్ల వెడల్పున్న లోహపు చక్రం, గోళాలు పడ్డాయి. జిల్లా అధికారులు భద్రపరచి కబురు పెడితే ఇస్రో బృందం వచ్చి పరీక్షించింది. చైనా రాకెట్ భాగాలు అయ్యుంటాయని భావించారు. రాకెట్ ట్యాంకుల్లో విషపు ఇంధనం మిగిలి ఉండే ప్రమాదం ఉంది. వట్టి వెలుగు మాత్రమే అయితే, ముందు నువ్వే రాసుకో. స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు నోటిమాటగా కాకుండా రెండు ప్రతులు రాసి తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర వేయించుకో.

ఈ ఆదివారం సాయంత్రం ఒక పని చెయ్యి. అమ్మమ్మను అదే మిద్దె మీద, అదే చోట, అదే వైపు తిరిగి కూర్చోబెట్టు. చుక్క ఏ కొమ్మ పైన, ఏ ట్యాంకు పక్కన కనిపించిందో ఆమెను అడుగు, నీ జ్ఞాపకంతో కలపకుండా ముందు ఆమెనే చెప్పనివ్వు. పెద్దవాళ్ళకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి. అక్కడ నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచి ఎన్ని డిగ్రీలో చూడు. తర్వాత చేయి చాచి పిడికిలి బిగించు, పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఆ చోటికి ఎన్ని పిడికిళ్ళో లెక్కపెట్టు. తేదీ సరిగ్గా తెలియకపోతే ఆ సాయంత్రం ఎవరికైనా ఫోన్ చేశావేమో కాల్ లిస్టులో వెతుకు. తేదీ, దిక్కు, పిడికిళ్ళు, మాయమైన సమయం, ఈ నాలుగూ నాకు రాసి పంపు. మిగతా లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.